రోడ్డు పక్క డాబా తోట: ట్రాఫిక్ మోత మొక్కల్ని ఏం చేస్తోందో ఎలా తేల్చుకోవాలి, కుండీలు ఎలా సర్దుకోవాలి

విజయనగరంలో మయూరి జంక్షన్, ఆర్టీసీ కాంప్లెక్స్, గంటస్తంభం, కోట జంక్షన్, ఈ చుట్టుపక్కల రోడ్డు మీదకే ఇల్లున్నవాళ్లు డాబా మీద కుండీలు పెట్టుకుంటే దాదాపు అందరూ చెప్పేది ఒకటే, మొక్క బతుకుతోంది గానీ బాగుపడట్లేదు అని. పూత వస్తుంది పిందె ఆగదు, బంతి పూస్తుంది గానీ పువ్వు చిన్నగా ఉంటుంది, వంగ ఆకు బూడిద రంగులోకి తిరుగుతుంది, అదే నారు వెనక సందులో చుట్టాలింట్లో పెడితే గుబురుగా లేస్తుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉండే మా అప్ప కూడా ఇదే అంటుంది. మట్టి మారుస్తారు, గెత్తం మారుస్తారు, నారు తెచ్చే నర్సరీ కూడా మారుస్తారు. రోడ్డు మోత సంగతి మాత్రం చాలామందికి తోచదు, తోచినవాళ్లేమో మళ్లీ తప్పంతా దానిమీదకే నెట్టేస్తారు.

మోత మొక్కకి తగులుతుంది. కానీ నా నమ్మకం ఏంటంటే మన డాబాల మీద అది నేరుగా మొక్కని కొట్టేదానికంటే మొక్క దగ్గరకి రావాల్సినవాళ్లని, అంటే తుమ్మెదని, అక్షింతల పురుగుని, పిట్టల్ని ఇబ్బందిపెట్టడం ద్వారా చేసే నష్టమే ఎక్కువ. పైగా రోడ్డు మోత ఒంటరిగా రాదు, దుమ్ము, పొగ, వేడి, రాత్రి లైట్లు అన్నీ వెంటేసుకుని వస్తుంది. అందుకే ముందు ఏది ఏదో విడదీసుకోవాలి, ఆ తర్వాతే కుండీలు జరపాలి. ఖర్చు పెద్దగా లేదు, కొంచెం ఓపిక కావాలి.

మొదలుపెట్టే ముందు తెలిసిన సంగతులు

మొక్కకి చెవి లేదు, కానీ వణుకు తెలుస్తుంది. అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీవాళ్లు 2014లో చూపించింది ఏంటంటే, గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే సన్నటి వణుకుని రికార్డు చేసి, పురుగు లేకుండా ఆ వణుకు మాత్రమే ఆకుకి తగిలిస్తే మొక్క తన్ను తాను కాపాడుకునే ఘాటు రసాయనాలు పెంచుకుంది, గాలికి ఊగే వణుకు ఇస్తే మాత్రం అలా చేయలేదు. 2019లో టెల్ అవీవ్ యూనివర్సిటీవాళ్లు సాయంత్రం పూసే ఒక పసుపు పువ్వుకి తేనెటీగ రొద వినిపిస్తే మూడు నిమిషాల్లోపే దాని తేనెలో చక్కెర శాతం పెరిగింది. అంటే మొక్కకి ఏ వణుకు ఏదో కొంత తేడా తెలుస్తోంది అన్నమాట.

ట్రాఫిక్ మీద నేరుగా చేసిన పని ఒకటుంది, అది మనకి బాగా దగ్గర ఎందుకంటే అందులో ఒక మొక్క బంతే. టెహరాన్‌లో షహీద్ బెహెష్తీ యూనివర్సిటీవాళ్లు చిన్న బంతిని, ఎర్ర సాల్వియాని ఒకేలా పెంచి, కొన్నిటికి ఆ ఊరి పెద్ద రోడ్డు మోతని రికార్డు చేసి 73 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) దగ్గర రోజుకి 16 గంటలు వినిపించారు, మిగతావాటిని ప్రశాంతంగా ఉంచారు. 15 రోజులకి మోత విన్న మొక్కల ఎదుగుదల తగ్గింది, ఆకుల్లో కరువుకో ఉప్పుకో దెబ్బతిన్నప్పుడు కనిపించేలాంటి ఒత్తిడి గుర్తులు కనబడ్డాయి. 2022లో అచ్చయింది అది. అక్కడ దుమ్ము లేదు, పొగ లేదు, శబ్దం ఒక్కటే, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

కానీ నాకు ఇంకా ముఖ్యం అనిపించేది అమెరికాలోనే మిసిసిపీలో చేసి 2018లో అచ్చయిన పరీక్ష. సోయా మొక్కలు, వాటిమీద రసం పీల్చే సన్న పురుగు పేనుబంక, ఆ పేనుబంకని తినే అక్షింతల పురుగులు. గట్టిగా రాక్ సంగీతం పెట్టినా, నగరపు చప్పుళ్లు పెట్టినా అక్షింతల పురుగులు పేనుబంకని తక్కువ తిన్నాయి. సంగీతం మీదే రోజుల తరబడి కొనసాగించి చూస్తే పేనుబంక పెరిగింది, సోయా మొక్క చిన్నదైపోయింది. సోయాకి గానీ పేనుబంకకి గానీ ఆ శబ్దం నేరుగా ఏమీ చేయలేదు. మొక్క చిక్కిపోయింది దాని కాపలాదారు పని మానేసినందుకు.

ఇంకోటి, న్యూ మెక్సికోలో గ్యాస్ బావుల కంప్రెసర్ల పక్కన 2012లో చూసినది. విత్తనాలు మోసుకెళ్లి పాతిపెట్టే ఒక రకం పిట్ట మోతకి దూరంగా వెళ్లిపోయింది, అందుకని పైన్ మొలకలు తగ్గాయి, కానీ తేనె తాగే చిన్న పిట్టలు మాత్రం మోత ఉన్నచోటికే ఎక్కువ వచ్చాయి. అంటే మోత ఉంటే అందరూ పోతారని కాదు, కొందరు పోతారు కొందరు వస్తారు. మీ డాబా మీదకి ఎవరొస్తున్నారో ఎవరు మానేశారో మీరే కూర్చుని చూడాలి, ఇంకెవరూ చెప్పలేరు.

1. మోత ఎక్కడ, ఎప్పుడు, ఎంత

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఏదో ఒకటి వేసుకోండి. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాదు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది, అయినా మనకి కావాల్సింది తేడా కాబట్టి ఒకే ఫోన్‌తో అన్నిచోట్లా చూస్తే సరిపోతుంది. రోడ్డు వైపు పిట్టగోడ దగ్గర, డాబా మధ్యలో, వాటర్ ట్యాంకు వెనక, మెట్ల గది చాటున, ఈ నాలుగుచోట్ల మొక్క ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే ఫోన్ పట్టుకుని ఓ ఐదు నిమిషాలు ఉండండి. బస్సు హారన్‌కి ఎగిరే అంకె చూసి కంగారుపడొద్దు, యాప్ సగటు చూపిస్తుంది కదా అది రాసుకోండి. పొద్దున్న ఆరింటికి, స్కూల్ బస్సులు ఆటోలు తిరిగే తొమ్మిదింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి.

డెసిబెల్స్ మామూలు లెక్క కాదని గుర్తుంచుకోండి, 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు అయినట్టు. మన దేశంలో 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45, వ్యాపారాలుండే చోట పగలు 65, రాత్రి 55 దాటకూడదు. అవి మనుషుల కోసం పెట్టినవి, మొక్కలకంటూ హద్దు ఎవరూ పెట్టలేదు, కానీ మన చోటు ఎంత మోతగా ఉందో పోల్చుకోడానికి పనికొస్తాయి. పిట్టగోడ దగ్గర 72, ట్యాంకు వెనక 60 వచ్చిందనుకోండి, ఆ ట్యాంకు వెనక స్థలం మీ తోటకి బంగారం. అక్కడ పాత సామాన్లు, విరిగిన కుర్చీలు పడేసి ఉంటే ముందు అవి ఖాళీ చేయించండి.

ఇదే కాగితం మీద ఇంకో వరస రాయండి, ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో. గుమ్మడి తెల్లారేసరికే విచ్చుకుని ఎండెక్కాక ముడుచుకుపోతుంది. కాకర పొద్దున్నే. వంగ, టమాటా పొద్దున్న ఎండ పొడొచ్చాక. బీర సాయంత్రం, ఆనప పొద్దుగూకేటప్పుడు, పొట్ల కూడా చీకటి పడే వేళకే. ఇప్పుడు రెండు వరసలూ పక్కపక్కన చూడండి. గుమ్మడి పూసే టైముకి రోడ్డు ఇంకా లేవదు కాబట్టి దానికి పెద్ద బాధ లేదు, వంగకి టమాటాకి పువ్వు విచ్చుకునే వేళా స్కూల్ ట్రాఫిక్ వేళా ఒకటే, బీరకి ఆనపకి ఆఫీసులు వదిలే టైము, పైగా వీధి లైట్లు. ఏ పాదుని ఎక్కడ పెట్టాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

2. మోతా, దుమ్మా, వేడా? మూడు బంతి కుండీలతో తేల్చుకోండి

బంతే ఎందుకంటే తొందరగా ఎదుగుతుంది, చవక, ఎలాగూ ఇంట్లో వాడుకుంటాం, పైన చెప్పిన టెహరాన్ మొక్కా అదే. ఒకే ప్యాకెట్ విత్తనం, ఒకే మట్టి, ఒకే సైజు కుండీలు మూడు. నారు నాలుగైదు ఆకులు వేశాక ఒకే ఎత్తున్నవి ఏరి పెట్టండి, కుదిరితే ఒక్కో చోట రెండు మూడు కుండీలు పెట్టుకుంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది, ఒక్క మొక్క ఊరికే కూడా జబ్బుపడొచ్చు కదా.

మొదటిది రోడ్డు వైపు పిట్టగోడ దగ్గర, ఏమీ చేయకుండా. రెండోది దాని పక్కనే, కానీ రోజూ పొద్దున్నే ఆకుల మీద స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు కొట్టి దుమ్ము కడిగేయాలి, ఆకు అడుగు వైపు కూడా. మూడోది ట్యాంకు వెనక, మోత తక్కువున్నచోట, కానీ ఎండ మాత్రం మొదటివాటికి తగిలినంతే తగలాలి, ఇది చాలా ముఖ్యం, ఎండ తేడా వస్తే మొత్తం లెక్క పాడైపోతుంది. నీళ్లు మూడిటికీ ఒకే మగ్గుతో ఒకేలా పోయండి.

నెల తర్వాత చూడండి. కడిగిన కుండీ వెనకున్న కుండీలాగే బాగుంటే మీ బాధ దుమ్ము. దుమ్ము ఆకు మీద పేరుకుంటే వెలుతురు సరిగ్గా అందదు, ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఎర్రనల్లి కూడా దుమ్ము పట్టిన ఆకు మీదే బాగా పెరుగుతుంది, వంగ ఆకు బూడిద రంగుకి రావడం చాలా ఇళ్లల్లో ఇదే. అలాంటప్పుడు మోత గురించి బెంగ పెట్టుకోకుండా రోజూ ఆకులు కడగండి, అంతే. కడిగినా ముందున్న రెండూ ఒకేలా వెనకబడి ఉంటే అప్పుడు వేడి, గాలి, మోత ఈ మూడిట్లో ఒకటి. మధ్యాహ్నం రెండింటికి పిట్టగోడ సిమెంటు మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఆనకపోతే కుండీని గోడకి జానెడు దూరం జరిపి, కింద రెండు ఇటుకలు పెట్టి, పక్కన గోనె కప్పి ఇంకో రెండు వారాలు చూడండి. గాలి జోరుగా కొట్టేచోటైతే పుల్ల కట్టి నిలబెట్టండి. ఇవన్నీ చేశాక కూడా తేడా మిగిలితే దాన్ని మోత ఖాతాలో వేసుకోవచ్చు.

ఈ పరీక్ష ఎండాకాలంలో చేయొద్దు, రోహిణి కార్తెలో మన డాబా మీద ఏ మొక్కా నిజం చెప్పదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైము.

3. పిందె ఎందుకు ఆగట్లేదో దారం కట్టి చూడండి

నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. పక్కింటి పిన్ని ఓసారి డాబా ఎక్కి మా వంగ చూసి, "ఏటమ్మా, ఇంత పూతొచ్చీసింది, పిందొక్కటీ లేదేటి, ఎవుల కళ్లు పడ్డాయేటి" అంది. "కళ్లు కాదు పిన్నీ, తుమ్మెద రాట్లేదు" అంటే "తుమ్మెదెందుకే, గాలికే కాసీదు మా ఊర్లో" అంది. పల్లెలో పెరడు నిండా తుమ్మెదలు తిరుగుతుంటే అది గాలికే కాసినట్టు కనిపిస్తుంది, ఆవిడ మాటలో తప్పేం లేదు.

వంగ, టమాటా పువ్వు మధ్యలో పసుపు రంగు గొట్టాల్లాంటివి ఉంటాయి కదా, పుప్పొడి వాటి లోపల ఉంటుంది, వణికిస్తే బయటికి రాలుతుంది. నల్ల తుమ్మెదలు, నీలి చారల తేనెటీగలు పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలతో జుయ్ మని వణికిస్తాయి, అప్పుడు పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. గాలి ఊపితే టమాటాకి కొంత పని జరుగుతుంది, కానీ తుమ్మెద వచ్చిన పువ్వుకి కాయ బాగా నిలబడుతుంది. కాబట్టి మీ డాబా మీద తేనెటీగలు ఎన్ని తిరిగినా తుమ్మెద రాకపోతే వంగకి ఇబ్బందే.

చేయాల్సింది ఇది. ముందు వంగ పువ్వుని దగ్గరగా పట్టుకుని చూడండి. కొన్ని పువ్వుల్లో ఆ పసుపు గొట్టాల మధ్యలోంచి ఆకుపచ్చగా చిన్న మొన బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కొన్నిట్లో అది లోపలే ఉండిపోతుంది. బయటికి పొడుచుకొచ్చిన పువ్వే కాయ కాస్తుంది, లోపల ఉండిపోయినది రాలిపోయేదే, అది మొక్క స్వభావం, దానికి రోడ్డుకి సంబంధం లేదు. మొన బయటికున్న పువ్వులే ఎంచుకుని సగం పువ్వులకి ఎర్ర దారం, సగం పువ్వులకి తెల్ల దారం తొడిమకి వదులుగా కట్టండి. తెల్ల దారం వాటిని ముట్టుకోవద్దు. ఎర్ర దారం వాటిని పొద్దున్న తొమ్మిది, పదకొండు మధ్యలో వేలి గోటితో తొడిమ మీద మెల్లగా నాలుగైదుసార్లు కొట్టండి, ఇంట్లో బ్యాటరీ టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక భాగం తొడిమకి రెండు మూడు సెకన్లు ఆనించండి, సన్నటి పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది. వరసగా రెండు మూడు పొద్దులు చేయండి.

వారం పది రోజులకి ఎర్ర దారం పువ్వులు పిందెలై తెల్లదారం పువ్వులు రాలిపోతే మీ మొక్కలో, మట్టిలో ఏ లోపం లేదు, తుమ్మెద రావట్లేదు అంతే. రెండూ రాలిపోతే వేరే కారణం వెతకాలి, టమాటా అయితే పగలు 35 డిగ్రీలు దాటుతుంటే పువ్వు ఎలాగూ నిలవదు, నత్రజని ఎక్కువైనా ఆకు ఏపు తప్ప కాయ ఉండదు. రెండూ పిందెలైతే మీ తుమ్మెదలు మోతని లెక్కచేయకుండా వస్తున్నాయన్నమాట, వాటిని అలాగే చూసుకోండి.

పాదులకైతే ఇంకా తేలిక, ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది మగపువ్వుకి ఉండదు, మగపువ్వు కోసి రేకలు తీసేసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయడమే. గుమ్మడికి పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపు, బీరకి ఆనపకి సాయంత్రం పువ్వు విచ్చుకున్నాక. బెండకి, చిక్కుడుకి ఇవేం అక్కర్లేదు, వాటి పువ్వు లోపలే పని అయిపోతుంది.

4. కుండీలు సర్దడం

ఇప్పటిదాకా రాసుకున్నది చేతిలో పెట్టుకుని సర్దండి. తుమ్మెద కావాల్సిన వంగ, టమాటా, రాత్రి రెక్కల పురుగులు కావాల్సిన ఆనప, పొట్ల, ఇవన్నీ మోత, వెలుతురు తక్కువున్న వెనక వైపుకి. రోడ్డు వైపు ఎవరి సాయం అక్కర్లేని బెండ, చిక్కుడు, వాటికి ముందు గన్నేరు, కాగితంపూలు, నందివర్ధనం లాంటి మొండివి. హైవేల మధ్యలో గన్నేరు, కాగితంపూలు ఎందుకు పెడతారో తెలుసు కదా, దుమ్ముకి పొగకి ఎండకి తట్టుకుంటాయని. గన్నేరు మొక్కంతా విషం, చిన్నపిల్లలుంటే అది వదిలేయండి. ఆకుకూరలు మాత్రం రోడ్డు వైపు పెట్టొద్దు, తోటకూర, బచ్చలి, కొత్తిమీర ఏదైనా సరే, మోతకి భయపడి కాదు, ఆకు మీద పడే దుమ్ము పొగ మనం తింటాం కాబట్టి.

ఎంత దూరం జరిపితే ఎంత తగ్గుతుంది అంటే, వరసగా బళ్లు పోతుండే రోడ్డు నుంచి దూరం రెట్టింపు అయితే సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే చిన్న డాబా మీద రెండు గజాలు జరిపినందువల్ల ఒరిగేది తక్కువే. రోడ్డు కనిపించకుండా చాటు చేయడం వల్లే ఎక్కువ లాభం, రోడ్డుకి మొక్కకి మధ్య చూపు ఆగిపోయేలా గట్టి అడ్డం ఉంటే సుమారు 5 డెసిబెల్స్ దాకా తగ్గొచ్చు. మొక్క ఎత్తులో కూర్చుని చూడండి, మీకు బళ్లు కనిపిస్తుంటే మొక్కకి మోత నేరుగా తగులుతున్నట్టే.

5. అడ్డం కట్టడం

గ్రీన్ నెట్ కడితే మోత ఆగుతుందని అమ్మేవాళ్లు చెప్తారు, ఆగదు. నెట్ నీడకి మంచిది, గాలి జోరు తగ్గిస్తుంది, శబ్దం మాత్రం చిల్లుల్లోంచి హాయిగా వచ్చేస్తుంది. ఒక వరస మొక్కలు అడ్డం పెట్టినా శబ్దం దాదాపు అలాగే వస్తుంది, చెట్లతో మోత తగ్గాలంటే పదుల మీటర్ల వెడల్పు దట్టమైన తోపు కావాలి, అది డాబా మీద అయ్యేపని కాదు. కానీ ఆ మొక్కల వరస దుమ్ముని పట్టేస్తుంది, అందుకోసం పెట్టుకోండి.

శబ్దం ఆపేది బరువున్నది, సందులు లేనిది. పిట్టగోడకి పూల డిజైను జాలీ ఉంటే ఆ జాలీ వెనక పాత సిమెంటు రేకు ముక్కో, మందపాటి ప్లైవుడ్డో సందు లేకుండా బిగించండి, ఆస్బెస్టాస్ రేకు అయితే కోయడం రంధ్రాలు పెట్టడం చేయొద్దు, ఆ పొడి పీలిస్తే ప్రమాదం. మొక్కల్ని ఎత్తు స్టాండు మీదనుంచి దించి ఆ గోడ చాటున నేలమీద పెట్టినా చాలా తేడా వస్తుంది, పైసా ఖర్చు లేదు. మట్టి నింపిన పెద్ద తొట్లు, గ్రో బ్యాగులు గోడవారన దగ్గరదగ్గరగా పేర్చినా అడ్డమే, కాకపోతే తడిమట్టి చాలా బరువు, స్లాబు పాతదైతే మేస్త్రీని అడక్కుండా పేర్చొద్దు. బరువు తగ్గాలంటే మట్టిలో కొబ్బరి పొట్టు సగం దాకా కలపండి, ఉద్దానం పక్కనే ఉంది మనకి, కొబ్బరి పొట్టు దొరక్కపోవడం ఉండదు, వాడేముందు రెండు మూడుసార్లు నీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టండి.

రేకు అడ్డం కట్టేటప్పుడు తుఫానులు గుర్తుపెట్టుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన రెండు జిల్లాల్లో ఏం చేశాయో చూశాం, వదులుగా కట్టిన రేకు ఎగిరితే కింద మనుషుల మీద పడుతుంది. కదలకుండా గట్టిగా బిగించండి, సెప్టెంబరు చివరికల్లా ఓసారి చూసుకోండి.

6. రావాల్సినవాళ్లని పిలవడం

మోత పూర్తిగా ఎలాగూ పోదు కాబట్టి, అది ఉన్నా సరే వచ్చేంత ఆకర్షణ పెట్టాలి. తులసి పూత కోసేయకుండా కొన్ని కొమ్మలు వదలండి, బంతి, పొద్దుతిరుగుడు, కొత్తిమీర ముదిరి పూసేదాకా ఓ కుండీ. కొత్తిమీర, సోంపు పూత మీదకి అక్షింతల పురుగులు వస్తాయి, మీ పేనుబంకకి అవే మందు. వెడల్పు మట్టి ప్రమిదలో గులకరాళ్లు వేసి రాళ్లు మునగకుండా నీళ్లు పోసి మోత తక్కువున్న మూల పెట్టండి, రోజూ నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు. తుమ్మెద ఎండిన వెదురులో, పాత కర్రలో గూడు పెడుతుంది, పాదుకి కట్టిన పాత వెదురు కర్రల్లో రెండు మూడు పారేయకుండా గోడవారన కట్టి ఉంచండి, అది కుడుతుందని భయపడి తోలేయకండి, మనం పట్టుకుని నలిపితే తప్ప ఊరికే కుట్టదు.

వేపనూనె కొట్టాలంటే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట, పువ్వుల మీద పడకుండా. బీర ఆనప దగ్గర పువ్వు విచ్చుకోకముందే కొట్టేయాలి. పేనుబంక ఉన్న కొమ్మ మీద అక్షింతల పురుగు గానీ, మొసలిలాంటి ఆకారంలో నల్లగా ఉండే దాని పిల్లపురుగు గానీ కనిపిస్తే ఆ కొమ్మకి ఏ మందూ కొట్టొద్దు.

రాత్రి డాబా లైటు ఆపేయండి. ఆనప పొట్ల పువ్వుల దగ్గరకి రావాల్సిన రెక్కల పురుగులు లైటు చుట్టూ తిరిగి అక్కడే చచ్చిపోతాయి. వీధి లైటు నేరుగా పాదు మీద పడుతుంటే ఆ వైపు గోనె కట్టండి.

7. మన సొంత మోత

రోడ్డుని అనేముందు మన డాబా మీద ఏమేం మోగుతున్నాయో చూసుకోవాలి. ఏసీ బయటి యూనిట్ ముందు కుండీలు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి, అక్కడ మోత కంటే ఆ వేడిగాలి మొక్కని ఎండగొట్టేస్తుంది, ఆకు అంచులు మాడిపోతే ఇదే అనుకోండి, పక్కకి జరపండి. మోటారు, జనరేటర్ కింద రబ్బరు ముక్కలు వేస్తే స్లాబు అదరడం తగ్గుతుంది, ఆ అదురు నేలమీద పెట్టిన కుండీలకి నేరుగా వస్తుంది. జనరేటర్ పొగ పాదుల వైపు రాకుండా గొట్టం తిప్పండి.

ఇంకోటి చాలామంది అడుగుతారు, 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు కదా మనది, పాటలు పెడితే మొక్కలు బాగా పెరుగుతాయా అని. డాబా మీద స్పీకర్ పెట్టొద్దనే చెప్తాను. పైన చెప్పిన అక్షింతల పురుగుల పరీక్షలో పేనుబంకని తక్కువ తినేలా చేసిన చప్పుళ్లలో గట్టి రాక్ సంగీతమూ ఉంది, పిట్టలకీ మోత మీద మోత తోడవుతుంది. పాట మీరు వినాలనుకుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నీళ్లు పోసుకోండి.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి తొలేళ్ల రాత్రి, మర్నాడు మంగళవారం ఊరంతా మైకులు, జనం, బాణసంచా, అది మన పండగ, దానికి మొక్కలు బెంగపెట్టుకోవు, ఆ పరీక్షల్లో నష్టం కనిపించింది రోజుల తరబడి గంటలకొద్దీ మోత తగిలినప్పుడు. కాకపోతే సరిగ్గా అప్పుడే మనం చలికాలం నారు పోసుకుని ఉంటాం కాబట్టి నారు ట్రేలు ఆ రెండు రోజులు మెట్ల గది చాటుకి మార్చి, తర్వాత ఆకుల మీద పడిన దుమ్ము బూడిద మంచినీళ్లతో కడిగి మళ్లీ ఎండలో పెట్టండి. మామూలు రోజుల్లో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట మైకులు పెట్టకూడదని నియమం ఉంది, వీధిలో ఎవరైనా రోజూ పెడుతుంటే ముందు మెల్లగా మాట్లాడండి, వినకపోతే 112కి ఫోన్ చేయొచ్చు.

సర్దడం అయిపోయాక దారం పరీక్ష మళ్లీ ఓసారి చేయండి, ఈసారి వెనక వైపుకి మార్చిన వంగకి. తెల్ల దారం పువ్వులు కూడా పిందెలవుతుంటే ఇక చేత్తో కొట్టే పని మానేయొచ్చు. అవ్వకపోతే బెంగ అక్కర్లేదు, పూత ఉన్నన్నాళ్లు రోజూ పొద్దున్న నీళ్లు పోసేటప్పుడే ఆ నాలుగు దెబ్బలు గోటితో కొట్టేయండి, ఐదారు వంగ కుండీలకి పది నిమిషాలు పట్టదు, ఇంట్లో కూరకి సరిపడా కాయ వస్తుంది.